నెర్రెలు పడాలంటే ముందు నీళ్లుండాలి

పోయిన నెల మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫొటో వచ్చింది. మూడు, నాలుగేళ్ల పిల్లాడు తనకంటే చిన్నదైన చెల్లెల్ని గట్టిగా వాటేసుకుని ఉన్నాడు. పాపది ఏడుపు మొహం. కింద ‘నేపాల్ భూకంపంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న చిన్నారులు’ అని రాసి, పక్కన నాలుగు దండాల బొమ్మలు. 2015 నుంచి ఇది ఇలా తిరుగుతూనే ఉంది. ఆ ఫొటో నేపాల్‌ది కాదు, భూకంపానిదీ కాదు. 2007లో వియత్నాం ఉత్తరాన హా జాంగ్ కొండల్లో ఒక ఫొటోగ్రాఫర్ తీసింది. అమ్మానాన్నలు పొలానికి పోతే పిల్లలు ఇంటి ముందు ఆడుకుంటున్నారు. కొత్త మనిషిని చూసి పాప జడుసుకుని ఏడ్చింది, అన్న దగ్గరికి తీసుకున్నాడు. అంటే ఆ ఏడుపుకి కారణం ఎదురుగా కెమెరా పట్టుకుని నిలబడ్డ మనిషే!

ఇదంతా గ్రూపులో రాశాను. మా వదిన "అయ్యో, ఫేకా" అని తీసేసింది. పది నిమిషాల తర్వాత ఇంకో ఫొటో పెట్టింది. పేపర్లో వచ్చినదే. నెర్రెలు విచ్చిన చెరువులో తలపట్టుకుని కూర్చున్న రైతు. "ఇది మాత్రం ఒరిజినల్, కావాలంటే చెక్ చేసుకో" అని నాకు చురక కూడా పెట్టింది.

చెక్ చేశాను. ఒరిజినలే. ఏం జవాబు రాయాలో తోచక ఫోన్ పక్కన పెట్టేశాను.

వదిన తప్పేం లేదు. ఫొటోల గురించి మనందరికీ ఈ పదేళ్లలో వచ్చిన తెలివి అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది: ఫేకా, ఒరిజినలా? ఫేక్ అయితే తీసేస్తాం. ఒరిజినల్ అని తేలితే ఇక చూడటం ఆపేస్తాం. నాకేమో అసలు చూడాల్సింది అక్కణ్నుంచే అనిపిస్తుంది. అబద్ధపు ఫొటోను పట్టుకోవడానికి ఇప్పుడు బోలెడు మంది ఉన్నారు. నిజం ఫొటోనే ఎవరూ ప్రశ్న అడగరు.

చిన్నాయన పేపర్లో పడ్డ రోజు

వదిన పెట్టిన ఫొటో నన్ను ఎందుకంత కలవరపెట్టిందో చెప్పాలంటే మా చిన్నాయన సంగతి చెప్పాలి.

మాది అప్పటి అనంతపురం జిల్లా. 2002వ సంవత్సరం. ఆ ఏడు జూలైలో వాన దేశం మొత్తానికే ఎగనామం పెట్టింది, ఇక మా సీమ సంగతి చెప్పేదేముంది. జూన్‌లో పడిన ఒక్క పదునుకే చిన్నాయన ఐదెకరాల్లో శెనక్కాయ విత్తేశాడు. వినాయక చవితి దాటిన వారంలో ఒక పేపరు కంట్రిబ్యూటరూ, ఫొటోగ్రాఫరూ ఒకే బండి మీద మా ఊరికి వచ్చారు. కరువు మీద పేజీ వేస్తున్నారట. చిన్నాయన వాళ్లను నేరుగా చేను దగ్గరికే తీసుకుపోయాడు. నేనప్పుడు డిగ్రీ, చవితికి ఇంటికొచ్చి ఉన్నాను. వెనకాలే నడిచాను.

ఫొటోగ్రాఫర్ చేను వైపు చూసి, "పచ్చగానే ఉందే అన్నా" అన్నాడు.

శెనక్కాయ పండించేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నా. ఊడలు దిగే టైములో భూమిలో తడి లేకపోతే ఊడ మట్టిలోకి దిగదు, దిగినా కాయ కట్టదు. చెట్టు మాత్రం నిలబడే ఉంటుంది. దారిన పోయేవాడికి అది మామూలు పంటే. చిన్నాయన వంగి ఒక చెట్టు పీకి మట్టి దులిపి చూపించాడు. వేళ్లకి రెండు లొట్టకాయలు. ఫొటోగ్రాఫర్ మర్యాదకి ఒక ఫొటో కొట్టి, "ఇది పేపర్లో పడితే ఏందో ఎవరికీ అర్థం కాదన్నా, చెరువు యాడుంది?" అని అడిగాడు.

మా ఊరి చెరువు పనికిరాలేదు. దానికి నీళ్లొచ్చి అప్పటికి ఆరేళ్లు. లోపలంతా తుమ్మకంప మొలిచి అడవిలాగుంది. దాంతో బండి మీద చిన్నాయనను ఎక్కించుకుని పక్కూరి చెరువుకి పోయారు. అందులో అంతకు ముందు ఏడు కాస్త నీళ్లు చేరాయి, అవి ఎండి నెర్రెలు బాగా విచ్చుకున్నాయి. తువ్వాల తలకు చుట్టించి, గొంతుకూర్చోబెట్టి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూడమన్నారు. ఎండ కంట్లో పడి చిన్నాయన మొహం చిట్లించాడు. ఆ చిట్లింపే పేపర్లో ఆవేదన అయింది. మూడో రోజు జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌ల ఫొటో: ‘చినుకు కోసం ఆకాశం వైపు ఆశగా...’ పేరు లేదు, ఊరు లేదు. పేపరు చూసి మా పిన్ని, "ఆ చెర్లో మనకు సెంటు భూమన్నా లేదు కదా, ఆడికెందుకు పోయినావు?" అని ఒకటే నవ్వు.

చిన్నాయన ఆ రోజు అన్న మాట నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తలకెక్కలేదు. "నెర్రెలు పడాలంటే ముందు నీళ్లుండాల కదప్పా. నీళ్లు చూసిన చెరువుకే నెర్రెలు. మన చెరువుకి ఆ రాత కూడా లేదు."

ఆ ఫొటోలో అబద్ధం ఏది? రైతు నిజం. కరువు నిజం. చెరువు నిజం. ఆయన అప్పు కూడా నిజమే. వాటిని ఒకచోట కూర్చోబెట్టిన పద్ధతి మాత్రం కల్పితం. గూగుల్‌లో ఎంత వెతికినా ఈ కల్పితం దొరకదు.

పోజు పెట్టించారన్న కోపం నాకు ఎప్పుడో పోయింది. మిగిలిన బాధ వేరు. పట్నంలో పేపరు చదివేవాళ్లకి కరువంటే నెర్రెలు అని ఏళ్ల తరబడి నేర్పించారు. నెర్రెలు లేని కరువు వాళ్ల కంటికి ఆనదు. ఆ తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చిన ఒక అధికారి మా చేను గట్టు మీద నిలబడి, "ఇంత పచ్చగా ఉంటే ఏమని రాసుకోవాలయ్యా?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనా మనలాగే ఫొటోలు చూసి పెరిగినవాడు.

పది అడుగులు జరిగిన పుర్రె

ఇక్కడే నాకొక పెద్ద అనుమానం. ఇలా తవ్వుకుంటూ పోతే చివరికి మిగిలేదేమిటి?

1936లో అమెరికాలో ఘోరమైన కరువు. ప్రభుత్వం తరఫున ఫొటోలు తీస్తున్న ఆర్థర్ రోత్‌స్టీన్‌కి సౌత్ డకోటాలో ఎండకి తెల్లబడ్డ ఎద్దు పుర్రె ఒకటి కనిపించింది. నెర్రెలు విచ్చిన నేల మీద పెట్టి కొన్ని తీశాడు, పది అడుగుల దూరం జరిపి గడ్డి మీద పెట్టి ఇంకొన్ని తీశాడు. నీడ ఎలా పడుతుందో చూసుకుంటూ ఫొటోగ్రాఫర్లు మామూలుగా చేసే పనే. కానీ అదే ఏడు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కరువు ప్రాంతాల పర్యటనకు వచ్చినప్పుడు ఒక స్థానిక పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. ఇక ప్రత్యర్థులకు పండగే. పుర్రె జరిపారు కాబట్టి ఫొటో బూటకం, ఫొటో బూటకం కాబట్టి కరువూ బూటకం అన్నారు. జరిగింది పది అడుగులే. దాంతో లక్షల ఎకరాలను దుమ్ము చేసిన కరువునే కొట్టిపారేయాలని చూశారు.

మా ఊళ్లోనూ అదే జరిగింది. చిన్నాయన అంటే పడని ఒకాయన రచ్చబండ దగ్గర కూర్చుని, "ఫొటో కోసరం పక్కూరి చెర్లో కూచున్నోనికి కరువేందప్పా" అని ఎద్దేవా చేశాడు. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఫొటోను అనుమానించడం నేర్చుకున్నవాడికి తప్పించుకోవడం కూడా సులువవుతుంది. మన మనసుకి నచ్చని ఫొటో కనబడగానే ‘యాంగిల్’, ‘అజెండా’ అంటాం. 2021 ఏప్రిల్‌లో, కరోనా చావుల రోజుల్లో, ఢిల్లీ శ్మశానంలో వరసగా మండుతున్న చితులను డానిష్ సిద్ధిఖీ పైనుంచి తీసిన ఫొటో మీద ఎంత గొడవ జరిగిందో గుర్తుందా? చావును అమ్ముకుంటున్నారు అన్నారు. నిజం చెప్పొద్దూ, మొదటి రోజు నాకూ మింగుడుపడలేదు. మనవాళ్ల చితిని ఎవరో పైనుంచి చూడటమేమిటి అనిపించింది. ఆ వారమే మా వీధిలో ఇద్దరు పోయారు. ఎవరి ఇంటికీ ఎవరూ పోలేని రోజులు. అప్పుడు ఆ ఫొటో నాకు వేరేగా కనబడింది. దగ్గర్నుంచి ఒక్క చితిని తీసి ఉంటే అది ఒక ఇంటి దుఃఖం అయ్యేది. అంతమంది పోయారన్న సంగతి అంత ఎత్తు నుంచి తీస్తేనే తెలిసేది. అక్కడ ఆ దూరం అవసరమైంది. తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు అని నేను అడుగుతున్నది నేరం మోపడానికి కాదు. అలా అడిగితే కొన్నిసార్లు ఫొటో మీద గౌరవం పెరుగుతుంది కూడా.

నేను కత్తిరించిన నవ్వులు

చిన్నాయన ఫొటో తీసిన వాళ్లను అనే అర్హత నాకుందా అంటే, అదీ అంతంత మాత్రమే. నేను మూడేళ్లు ఒక పేపరు డెస్కులో సబ్‌ఎడిటర్‌గా పనిచేశాను.

2009 అక్టోబర్‌లో కర్నూలు మునిగింది. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. మాకు గంటకి వందల ఫొటోలు వచ్చేవి. ఒక దాంట్లో ఒక ముసలామె అన్నం పొట్లం కోసం చెయ్యి చాచి ఉంది. కళ్లనిండా నీళ్లు. ఆమె పక్కనే ముగ్గురు మగపిల్లలు, నడుం దాకా బురద, కెమెరా వైపు చూసి పళ్లికిలించి నవ్వుతున్నారు. పేజీ హెడ్డింగు అప్పటికే పెట్టేశారు, అందులో ‘కన్నీరు’ ఉంది. రాత్రి పదకొండున్నర. ఎడిషన్ టైము. నేను మౌస్ పట్టుకుని పిల్లల్ని కోసేశాను. అరనిమిషం పని. ఫొటో ‘బలంగా’ వచ్చిందని మా ఇన్‌ఛార్జి మెచ్చుకున్నాడు కూడా.

ఆ పిల్లలూ ఇల్లు పోయినవాళ్లే. మునిగిన ఊళ్లో కూడా పిల్లలు కెమెరాను చూస్తే నవ్వుతారు. అది కూడా వరదలో భాగమే. పూర్తి ఫొటో వేసి ఉంటే చదివేవాడు ఒక్క క్షణం తికమకపడేవాడు, ఆ తికమకే వాణ్ని ఫొటో దగ్గర ఇంకాస్త నిలబెట్టేది. నేను పని సులువు చేశాను. జాలి పడి పేజీ తిప్పేశారు.

1972లో వియత్నాంలో నాపామ్ బాంబు మంటల నుంచి బట్టల్లేకుండా పరుగెత్తుకొస్తున్న పాప ఫొటో అందరికీ తెలిసిందే. మనకు ఎక్కువగా కనిపించేది కుడివైపు కొంత కోసేసిన రూపం. పూర్తి ఫ్రేములో ఆ పక్కన సైనిక దుస్తుల్లో ఉన్న ఒక ఫొటోగ్రాఫర్ తన కెమెరాలో రీలు మార్చుకుంటూ కనిపిస్తాడు. అది మొదటిసారి చూసినప్పుడు నాకు కర్నూలు పిల్లలే గుర్తొచ్చారు. ఆ రీలు మార్చుకునే మనిషిని ఉంచితే, అక్కడ పాపతో పాటు కెమెరాలు కూడా ఉన్నాయని తెలుస్తుంది. కోసేస్తే పాపకీ మనకీ మధ్య ఎవరూ లేనట్టు ఉంటుంది. ఆ ఫొటో తీసింది ఇన్నేళ్లూ పేరు పడిన నిక్ ఉట్టా, ఇంకొకరా అన్న వివాదం ఈమధ్య లేచింది. 2025లో వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ ఆయన పేరును పక్కన పెట్టింది, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ మాత్రం ఉంచింది. యాభై ఏళ్లపాటు కోట్ల మంది చూసిన ఫొటోకే ఈ గతి పడితే, జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌ల ఫొటోను ఎవరు అడుగుతారు?

ఖాళీ కుర్చీలు, నిండు సభలు

ఇది మన దగ్గర అందరూ ఎరిగిన విద్యే కాబట్టి ఎక్కువ చెప్పను. ఒకే సభ, ఒకే రోజు. ఒక పేపర్లో జనసంద్రం, ఇంకో పేపర్లో ఖాళీ కుర్చీలు. ఏ పేపరు ఎవరిదో పాలు పోసే అబ్బాయికి కూడా తెలుసు. అందుకే ఎవరికి కావాల్సింది వాళ్లు నమ్మి, రెండోదాన్ని ఫేక్ అంటారు. నా అనుభవంలో చాలాసార్లు రెండూ ఒరిజినలే. ఒకటి నాయకుడు రాకముందు రెండు గంటలకి తీసింది, ఇంకోటి స్టేజీకి ఎదురుగా దూరం నుంచి పెద్ద లెన్సుతో తీసింది.

దూరం నుంచి జూమ్ చేసి తీస్తే ముందు మనిషికీ వెనక మనిషికీ మధ్య ఉన్న జాగా అణిగిపోయి కనిపిస్తుంది. 2020 ఏప్రిల్‌లో, కరోనా దూరాల గొడవ నడుస్తున్నప్పుడు, కోపెన్‌హాగన్‌లో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు దీన్ని బయటపెట్టారు. అవే చోట్ల, అవే క్యూలను ఒకసారి టెలిఫొటో లెన్సుతో, ఒకసారి వైడ్ లెన్సుతో తీసి పక్కపక్కన వేశారు. ఒకదాంట్లో జనం ఒకరి మీద ఒకరు పడుతున్నట్టున్నారు, రెండోదాంట్లో బుద్ధిగా దూరం దూరంగా నిలబడ్డారు. నేను మా బస్టాండులో ఫోన్‌తో ఇదే చేసి వదినకి పంపాను. "రెండూ ఒకే క్యూనా?" అని మూడుసార్లు అడిగింది. నా ఉపన్యాసాలన్నిటికంటే అదే బాగా పనిచేసింది.

కంప్యూటరు మాయల గురించి కూడా నేను పెద్దగా భయపడను. 2023 మేలో ఢిల్లీలో పోలీసు బస్సు ఎక్కించిన మహిళా రెజ్లర్ల మొహాలకు యాప్‌తో నవ్వులు అతికించి తిప్పారు కదా, వెంటనే దొరికిపోయింది. అసలు ఫొటో ఎక్కడో ఉంటుంది, పోల్చుకోవచ్చు. చిన్నాయన ఫొటోకి పోల్చుకోవడానికి ఇంకో ఫొటో లేదు. ఆ రోజు చేలో మర్యాదకి తీసిన ఫొటో ఏమైందో ఎవరికి తెలుసు.

ఫొటో చుట్టూ అల్లిన కథ

వాట్సాప్‌లో తెలుగులో ఏళ్లుగా తిరిగే ఒక ఫార్వర్డు ఉంది. సూడాన్ కరువులో నేలకొరిగిన బిడ్డ, వెనక రాబందు. తీసిన కెవిన్ కార్టర్‌కి ఎవరో ఫోన్ చేసి, "ఆ రోజు అక్కడ రెండు రాబందులున్నాయి, ఒకదాని చేతిలో కెమెరా ఉంది" అన్నారనీ, ఆ మాట తట్టుకోలేక ఆయన ప్రాణం తీసుకున్నాడనీ. నీతి కథకి కావాల్సినవన్నీ ఉన్నాయి. ఫొటో 1993 మార్చిలో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది. కొద్ది రోజులకే ఆ పత్రిక, బిడ్డ తేరుకుని మళ్లీ నడిచిందనీ, అన్నం పెట్టే కేంద్రం దాకా చేరిందో లేదో తెలియదనీ రాసింది. 2011లో ఒక స్పానిష్ పత్రిక ఆ ఊరికి పోయి ఆరా తీస్తే, అది మగపిల్లాడనీ, ఆ కరువు దాటి బతికి, చాలా ఏళ్ల తర్వాత జ్వరంతో పోయాడనీ తండ్రి చెప్పాడు. కార్టర్ 1994 జూలైలో పోయాడు. అంతకు మూడు నెలల ముందే ఆయన ఆప్తమిత్రుడు, తోటి ఫొటోగ్రాఫర్ కాల్పుల్లో చనిపోయాడు. అప్పులు, మందు, కళ్లముందు నుంచి పోని చావులు ఇవన్నీ ఉన్నాయి. ఫార్వర్డు రాసినవాడు వీటన్నిటినీ, నేను ముగ్గురు పిల్లల్ని కోసినట్టే, కోసేశాడు. ఫొటోని ముట్టుకోలేదు, దాని చుట్టూ ఉన్నదాన్ని కత్తిరించాడు.

2002 అనగానే నాకు చిన్నాయన ఫొటోతో పాటు ఇంకొకటి గుర్తొస్తుంది. గుజరాత్ అల్లర్లలో చేతులు జోడించి, కళ్లనిండా నీళ్లతో ప్రాధేయపడుతున్న దర్జీ. తీసింది అర్కో దత్తా. కడలూరు సునామీ ఫొటోకి వరల్డ్ ప్రెస్ ఫొటో అవార్డు అందుకున్నది కూడా ఆయనే. దర్జీ పేరు చాలామందికి తెలుసు, నేను మాత్రం రాయను. ఆ మొహం ఆయన్ని వెంటాడింది. ఊళ్లు మారాడు, గుర్తుపట్టిన చోటల్లా పని పోయింది. నా ఫొటో వాడకండి అని అడుక్కున్నా పార్టీలు, పేపర్లు వాడుతూనే ఉన్నాయి. ఆ ఫొటోకి వంక పెట్టడానికి నాకు నోరు రాదు, ఆ రోజు అది ప్రపంచానికి తెలియాల్సిందే. అయినా పదేళ్ల తర్వాత, ఇరవై ఏళ్ల తర్వాత కూడా మనం ఆయన్ని అదే క్షణంలో చేతులు జోడించి నిలబెట్టి ఉంచుతున్నాం. ఇందులో తప్పు ఎంత, ఒప్పు ఎంత అనేది నాకు ఇప్పటికీ తేలలేదు.

ఈ సంక్రాంతికి ఊరికి పోయాను. చిన్నాయనకి డెబ్భై దగ్గరపడింది. శెనక్కాయ మానేసి చీనీ (బత్తాయి) చెట్లు పెట్టాడు. చేను గట్టు మీద ఉంటే ఫోన్ తీసి ఒక ఫొటో తీద్దామని చూశాను. ఆయన నన్ను చూడగానే నవ్వి, తువ్వాల తలకు చుట్టుకుని, నుదుటి మీద చెయ్యి పెట్టి "పైకి చూడాల్నా?" అన్నాడు.

"వద్దు చిన్నాయనా, ఊరికే నిలబడు."

"యాడికి పంపిస్తావు ఇది?"

"యాడికీ లేదు. నా ఫోన్లోనే ఉంటాది."

కాసేపు ఆలోచించాడు. "అట్లయితే నువ్వు ఇట్ల కొంచెం ఎడంపక్కకి జరుగు. కొత్త బోరు పడాల దాంట్లో."

జరిగాను.